తొవ్వ మలిపే వేడి

మే నెల. రాత్రి రెండు దాటింది.
కాజీపేట మీదుగా రామగుండం బొగ్గుబండి పోతుంటే
మూడు వీధుల ఇవతల
నా బల్ల మీది గాజుదారం వణికింది.
తెర మీద గీత జారి కింద పడింది.
బండి పోయేదాకా ఆగాను.
యాభై ఎనిమిది వ్యాగన్లు, లెక్కపెట్టడం అలవాటైంది.

వేలిగోరులో సగం లేదు ఈ చిప్పు.
దాని లోపల వెంట్రుక కంటే సన్నని కాలవ,
అందులో ఒకేసారి మూడు వెలుగులు:
ఒకటి నడిమధ్య ముద్దగా,
ఒకటి రెండు పాయలై,
ఒకటి మూడు మూపురాలతో.
ఒకే తొవ్వ నడుస్తాయి,
ఒకదాని భుజం ఒకదానికి తగలదు.
తగలకూడదు.
తగిలితేనే నాకు పని.

సారంగపాణి లోకోషెడ్డులో రిటైరై
మా ల్యాబు తాళాలు చూస్తాడు.
చాయ గ్లాసు గడప బయటే పెట్టి
మైక్రోస్కోపుకు ఒక కన్ను ఆనించి అడిగాడు:
"గిండ్ల పట్టా మలిపే లీవరేది బిడ్డా?"
లీవరు లేదు.
కాలవ రెండు చేతులుగా చీలే చోట
ఒక చేతికే కాస్త వెచ్చదనం ఇస్తాను.
రెండూ మళ్ళీ కలిసినప్పుడు
వెలుగు ఏ గుమ్మంలోంచి పోవాలో
ఆ వెచ్చదనమే చెబుతుంది.

నవ్వాడు.
"ఎండకు పట్టాలు సాగుతయ్.
మేం వేడిని తిట్టుకునేటోళ్ళం,
నువ్వేమో జీతమిచ్చి పెట్టుకున్నవ్."

ఏసీ నిన్ననే ఆగిపోయింది.
ఎండ అన్నిటినీ సమానంగా కాలిస్తే తొవ్వ మారదని
నోటుబుక్కులో రాసుకున్నాను,
తేడా ఉంటేనే మలుపని.
మొదటి వెలుగు కుడికి పొమ్మంటే పోయింది,
రెండోదీ పోయింది.
మూడు మూపురాలది మాత్రం
సగం నా మాట విని
సగం పక్క కాలవలో దూరింది.
పుట్టుకలోనే ఒక చెయ్యి
రెండోదాని కంటే నాలుగు అణువులు వెడల్పట.
చలికాలమంతా దాచుకున్న సంగతి
ఓరుగల్లు ఎండకు చెప్పేసింది.

ఇదంతా కంటికి ఆనని వెలుగు.
దారం కొసన కార్డు అడ్డం పెడితేనే
నారింజ రంగు చుక్క.
సారంగపాణికి ఆ కార్డంటే ఇష్టం,
పెడతాడు, తీస్తాడు, మళ్ళీ పెడతాడు.

మూడో హీటరుకు రవ్వంత వోల్టేజి పెంచాను.
గీత లేచింది. ఆగింది.
ఇంకా పూర్తిగా లేవలేదు.
దూరంగా మరో కూత.
"బల్లార్షా గూడ్సు," అన్నాడు తల తిప్పకుండానే,
"లూపులైన్ల నిలవెడ్తరు, పాసింజరు పోయేదాక."
గ్లాసు తీసుకుని బయటికి నడిచాడు.

నేను మీట మీద వేలుంచి కూర్చున్నాను,
ఆ బండి ఆగుతుందో
నా గీతనూ పట్టుకుపోతుందో తెలియక.