నూట ఎనిమిదో గది

గుంటూరు, అరండల్‌పేట లాడ్జిలో
నా గది నంబరు నూట ఎనిమిది.
యార్డులో మిర్చి రేటు పడిపోయిన రాత్రి,
కళ్ళల్లో కోరు ఇంకా దిగక
నిద్ర పట్టీ పట్టని వేళ
ఫోను మోగింది.

"వన్ నాట్ ఎయిటేనా అండీ?
మా తాతయ్య బాత్రూములో పడ్డాడు. లేవట్లేదు.
నా పేరు హవీలా. థర్డ్ క్లాసు."

బళ్ళో నేర్పినట్టే
ఒక్క అంకె తప్పకుండా నొక్కింది పిల్ల.
బయటి లైనుకి ముందు సున్నా కొట్టాలని
ఏ బళ్ళో చెబుతారు?
ఆ సంగతి ఫోను కిందే అంటించి ఉంది,
సగం చిరిగి, ఇంగ్లీషులో.

నేను అంబులెన్సును కాదు తల్లీ
అనలేకపోయాను.
"ఏ గది?" అన్నాను.
లుంగీ ఎగగట్టి మూడంతస్తులు ఎక్కాను,
ఆయాసపడుతూ
సెల్లులో అసలు నంబరు కొడుతూ.

సైరను వచ్చింది.
ఎంతసేపటికో అడక్కండి.

"మా సిస్టమంతే సార్, మొదట్నించీ"
అన్నాడు కౌంటర్లో కుర్రాడు,
తాళం చెవి తీసుకుంటూ.

పెద్ద చట్టమేం అడగను.
ఆ సున్నా ఒక్కటీ తీసెయ్యమనండి.

అందాకా
పంట తెచ్చిన ప్రతిసారీ ఆ గదే అడుగుతాను.
ఫోను వైపే తలగడ.