సూసన్న, ఆడ

హన్మకొండ మిషను దవాఖానల
పుట్టుక రిజిస్టర్లు ఇనుప బీరువాల ఉంటయి.
తాళంచెవి ఇరవై రెండేండ్ల సంది నా కొంగుకే.
చెదలు ముందుగాల అట్టను తింటది,
తర్వాత ఇంటిపేరును,
అసలు పేరు దాకా వచ్చేసరికి దానికి కడుపు నిండుతది.
గందుకే ఇవన్ని మిగిలినయి.

అన్నిట్ల పాత పుస్తకం, మూడో పేజి:
ఊరు నల్లబెల్లి, తండ్రి జీతగాడు,
పేరు సూసన్న.
పక్కన ఎవరో ఎర్రసిరాతోని 'మగ' అని రాసిండ్రు,
ఇంకెవరో అది కొట్టేసి 'ఆడ' అని దిద్దిండ్రు.
మల్లన్న, ఓదన్న, కొమురన్న నడుమ
ఒక ఆడపిల్ల పేరుతోనే అన్న అనిపించుకున్నది.
పేరు పెట్టి పిలిస్తే
దొరకొడుకు సుత అన్న అనాల్సొస్తది,
గడీల మాత్రం 'ఓ సూసీ' అనేటోళ్లట.

లిల్లి పువ్వు అన్నట్టు, యూదుల భాషల,
అని చెప్పిండట పాదిరి.
లిల్లి ఎట్లుంటదంటే
రెండు అరచేతులు కలిపి, ఏండ్లు విప్పి చూపిచ్చిండు.
చూసినోళ్లందరు తామర అనుకున్నరు.
తప్పేం అనుకోలే.
యూదుల కంటె ముందు, ఐగుప్తు ఏటి ఒడ్డున
గా మాటకు తామరనే అర్థమట,
మొన్న మా తమ్ముని బిడ్డ ఫోన్ల చూసి చెప్పింది.
మరి తామరమ్మ అని పెట్టుకుంటే అయిపోవు గద
అంటే, మా అమ్మమ్మ
'థూ, తామరంటే తొడల దురద' అన్నది.
పరాయి మాటల దాస్తెనే
మా పువ్వు పువ్వు లెక్క ఉంటది.

పేజీలు తిప్పితే పేరు పంట తీరు కనబడతది.
ఒక యాడాది ఇద్దరు, మరుసటేడు ఐదుగురు,
గంజి కేంద్రం పెట్టిన కరువు ఏడు పద్నాలుగు మంది.
వర్ధన్నపేట దిక్కు ఒక్క వాడల్నే
పెద్ద సూసన్న, నడిపి సూసన్న,
బీడీల సూసన్న, బావికాడి సూసన్న.
బోరింగు కాడ ఒక్కళ్లను పిలిస్తే
నాలుగు బిందెలు కిందికి దిగేవి.

తర్వాత ఒక్కసారే ఆగిపోయింది.
రోగం రాలే, ఎవ్వరు వలస పోలే.
మండలాఫీసు వచ్చింది, అంతే.
కులం కాయితం మీద సంతకం పడాలంటె
పేరుల చర్చి గంట ఇనబడొద్దు.
మా బాపు నాకు రెండు పేర్లు పెట్టిండు:
ఆదివారానికి సూసన్న,
తక్కిన ఆరు దినాలకు సునంద.
హాస్టలు బువ్వ తిన్నది సునంద,
స్కాలర్‌షిప్పు లైన్ల నిలబడ్డది సునంద,
బ్యాంకు పుస్తకం ఆమెదే.
సూసన్నకు ఒక తెల్లచీర,
అది గూడ మడతల కాడ పచ్చబడ్డది.

మొన్న శుక్రవారం ఒక పిల్ల,
ఇరవై మూడేండ్లు ఉంటయో ఉండయో,
బిడ్డనెత్తుకొని కిటికీ కాడికొచ్చింది.
'పేరు షోషానా, మేడం. స్పెల్లింగు నేను చెప్త.
మొత్తం వరంగల్‌ల ఈ పేరు ఎవ్వలికి లేదు,
చూసిన్నేను.'
పెన్ను మూత తీసి, మళ్ల పెట్టిన.
'అర్థమేందమ్మా?'
'లిల్లి.'

బీరువా దిక్కు చూసిన.
చెప్తే ఈ పిల్ల మొఖంల వెలుగు పోతది.
చెప్పకుంటే
బోరింగు కాడ నలుగురు బిందెలు దించి
నా దిక్కే చూస్తున్నట్టున్నది.

వెనుక బల్ల మీద ముసలామె,
ఫ్లాస్కు మూత బిగించుకుంట అడిగింది:
'ఏం పేరు రాపిచ్చినవే?'
'షోషానా, అవ్వా.'
'సోసాన...'
పండ్లు లేని నోట్ల పేరును
ఈతపండు లెక్క ఇటు అటు దొర్లిచ్చింది.
'సోసన్న. సూసన్న...
ఓసి నీ! నా పేరే పెడితివా?
ఒక్కమాట చెప్పొద్దానే?'

'కాదవ్వా, అది వేరే...'
అని పిల్ల ఏదో అనబోయి,
ఫోను దిక్కు, అవ్వ దిక్కు, నా దిక్కు చూసింది.

నేను తల ఎత్తలే.
ఆమె చెప్పిన స్పెల్లింగే రాసిన, అక్షరం పొల్లుపోకుంట.
పక్క గడిల 'ఆడ' అని రాసి
దానికింద ఒక గీత కొట్టిన,
మళ్ల ఎవ్వరు దిద్దకుంట.