ఎనభై దాటాక

వైపర్ బాగుచెయ్యమని తెచ్చాడు ఎవులోజియో అంతిలెఫ్
తన తొంభై ఎనిమిది మోడల్ చెరోకీ జీపుని.
రియో మాయోలో వాన పడడమే వార్త.
వైపర్ కోసం డెబ్బై కిలోమీటర్ల కంకర రోడ్డు
ఎవరు తొక్కుకుంటూ వస్తారు?
పక్క సీట్లో మనవరాలు ఐలిన్,
ఒళ్లో మాతే బుర్ర, స్వెట్టరు మీద పచ్చటి మరక.
"బండి ఎనభై దాటితే
మాతే తనంతట తనే ఒలికిపోతుంది" అంది.
తాత కిటికీలోంచి గాలిని చూశాడు.
మాట తప్పించాలంటే గాలిని చూడడం
మా వైపు మర్యాద.

నలభై రెండేళ్లు గొర్రెల ఉన్ని కత్తిరించిన చేతులవి.
సెప్టెంబరు నించి జనవరి దాకా
ఎస్టాన్సియా తరవాత ఎస్టాన్సియా,
గుప్పిట్లో మిషను గుర్రుమంటూ
రోజుకి నూట అరవై గొర్రెలు.
ఆ గుర్రు ఎముకల్లోకి దిగి
మిషను ఆపినా ఆగలేదు.
రొట్టెకి వెన్న రాసినా, చొక్కా గుండీ పెట్టుకున్నా.
అందుకే స్టీరింగ్ వణికితే
అదీ తనదే అనుకున్నాడు
పోయిన ఏప్రిల్ నించీ.
ఎవరికీ చెప్పలేదు, లైసెన్సు లాక్కుంటారని.

నేను భయాన్ని అడగను, బండిని అడుగుతాను.
ముందు టైర్లు. రిమ్ము లోపలి వైపు
ఎండిపోయిన బురద, తాబేటి చిప్పలా.
గీకాను, బరువులు సరిచూశాను, రోడ్డెక్కాను.
డెబ్బై: నున్నగా.
ఎనభై: చిన్న గతుకు తగిలిందో లేదో
జ్వరం పిల్లాడిలా బండంతా పళ్లు కొరికింది.
బ్రేకు తొక్కితే పెరుగుతుందా? పెరగలేదు.
డిస్కుల తప్పు కాదు.
ముందు చక్రాలు వెనక్కి, వెనకవి ముందుకి.
వణుకు మాత్రం చోటు మారలేదు.
ఎవరో కొమొదోరోలో కొత్త డ్యాంపర్ వేసిచ్చారట,
పసుప్పచ్చది, ఖరీదైనది.
పుండు మీద పట్టుగుడ్డ.

జాకీ మీద ఎత్తితే ఏ బండైనా బుద్ధిమంతురాలే.
బరువు నేల మీదుండాలి.
ఐలిన్‌ని డ్రైవరు సీట్లో కూచోబెట్టి
ఎడమకీ కుడికీ తిప్పమన్నాను,
కొంచెం కొంచెం, ఉయ్యాల ఊపినట్టు.
కింద నేను, ఒక్కో కీలు మీదా వేలు వేసి.
టై రాడ్లు బిగువుగానే ఉన్నాయి.
డ్రాగ్ లింకు, పరవాలేదు.
ట్రాక్ బార్ పై కొస, చాసిస్‌ని కరిచిపట్టుకున్న చోట
టక్.
గోరంత ఖాళీ.
టక్.

"ఇలా రా, పడుకో" అన్నాను.
మోకాళ్లని తిట్టుకుంటూ అట్టముక్క మీద పడుకున్నాడు.
ఆయన వేలు పట్టుకుని అక్కడ పెట్టాను.
వణికే వేలికి ఇంకో వణుకు అందడానికి
కాసేపు పడుతుంది.
పైన ఐలిన్ తిప్పుతూనే ఉంది.
"ఇది నాది కాదు" అన్నాడు.
కాదన్నాను.
"ఇది నాది కాదు నెలిదా!"
ఈసారి పిల్లకి వినపడేలా.

కొత్త బారు బస్సులో రావడానికి పదకొండు రోజులు.
మంచు పడి ఒక రోజు, సమ్మె అని రెండు.
బిగించి, బోల్టు తల మీద తెల్ల రంగుతో గీత గీశాను.
వంద కిలోమీటర్లయ్యాక చూపించమన్నాను.

వచ్చాడు. గీత కదల్లేదు.
ఎలా ఉందంటే, తిన్నటి రోడ్డు మీద తొంభైలో
రెండు చేతులూ స్టీరింగ్ మీంచి ఎత్తి చూశాడట,
ఒక్క క్షణం. ఐలిన్ కేకేసిందట.
"అది నిమ్మళంగా పోయింది.
మిగిలింది నాదే" అని
జేబులోంచి నోట్లు తీసి
ఒక్కొక్కటే లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.
నేను తొందరపెట్టలేదు.
పెనం మీద కెటిల్ పెట్టాను, మాతేకి.

వైపర్ సంగతి
ఇద్దరికీ గుర్తు రాలేదు.