చీటీ వెనక

కొత్తపేట మందుల కొట్లో సుభానీ
చీటీ చూసి, నా వంక చూశాడు.
"ఈ నిద్రబిళ్ళ ఎవరికమ్మా?"

మా ఆయనకే రాశారు.
నేనూ వేసుకుంటున్నా,
ఒకే మంచం, ఒకే నిద్రలేమి గదా అని.

ఆయనది యార్డులో మిర్చి టిక్కీలు మోసిన ఒళ్ళు.
నాది తొడిమలు తీసిన ఒళ్ళు.
ఆయనకు ఆరింటికే తెల్లారేది.
నాకు పదైనా తెల్లారేది కాదు.
మొన్న పాలపాకెట్టు తెస్తుంటే
మెట్టు మీద
కాలు నాది కాకుండా పోయింది.

వయసు మళ్ళిందిలే అన్నారు.
నేనూ అన్నాను.

సుభానీ అనలేదు.
"ఆడ ఒంట్లోంచి ఈ మందు తొందరగా దిగదమ్మా.
మీ పేరున అడగండి డాక్టర్ని."

నా పేరున!

బస్సులో, మరియదాసు చీటీ తిరగేసి
ఖాళీ వైపు రాసుకున్నా:
జోజమ్మ. అరవై ఎనిమిది.
నలభై ఒక్క కిలో.