పది రూపాయల బిళ్ళ

వానకాలం ముంగట
పడిపోయేటట్టున్న ఇండ్ల గోడలకు
ఫోటోలు తీసుడు నా పని.
పగులు పక్కన పది రూపాయల బిళ్ళ పెట్టాలె,
ఎంత వెడల్పున్నదో
ఆఫీసుల కూసున్న సారుకు తెల్వాలె.
బిళ్ళ లేని ఫోటో చెల్లదు.

మూడేండ్ల సంది ఇదే.
మెట్ల లెక్క దిగే పగులుంటె పునాది కుంగిందని,
సాలెగూడు అసొంటిదైతె ఉత్త సున్నం ఎండిందని,
డాక్టరు నాలిక చూసినట్టు చూస్త,
రాసుకుంట, బయటికొస్త.

కానీ బిళ్ళ జేబుల పడ్డంక ఫోను ఊకోదు.
వారాసిగూడల ఒక గోడకు పెచ్చు లేచింది:
తెలుపు కింద పచ్చ, పచ్చ కింద నీలం,
నీలం కింద ఎవరి పెండ్లికో పూసిన గులాబి.
గోరంత మందంల నలుగురు కిరాయిదార్లు.
రిపోర్టుల దానికి గడి లేదు.
వేరే ఫోల్డర్ల పడేసిన.
పేరు పెట్టలే.

అట్ల మొదలైంది.
ఉప్పల్ బస్సుల చినిగిన సీటు,
ఇరానీ హోటల్ బండ మీద
ఒకదాంట్ల ఒకటి ఇరుక్కున్న కప్పుల గుండ్రాలు,
ఊగి ఊగి గొళ్ళెం తలుపు మీద గీసిన అర్ధచంద్రం,
మూసీ మీద నురుగు.
అందంగనే ఉన్నది, అబద్ధమెందుకు.
వాసన ఫోటోల రాదు.

మూసాబౌలిల తస్లీం బీ ఇల్లు.
వంటింటి గోడకు మూరెడు పగులు.
దాని చుట్టూ బొగ్గుతోటి ఎవరో
రెక్కలు గీసిన్రు, ముక్కు పెట్టిన్రు, ఒక కన్ను.
నేను బిళ్ళ ఆనించబోతె
"ఆంఖ్ పే నక్కో రఖ్ బేటా" అన్నది.
మనవరాలు జ్వరంల పండుకొని గీసిందట,
ఎన్నేండ్ల కిందనో యాదికి లేదు.
"తబ్ దుమ్ ఇత్తీ లంబీ నై థీ."
అప్పుడు తోక ఇంత పొడుగు లేకుండెనట.

పక్షి పెరిగింది.

నేను రాసిన:
వంటగది, ఉత్తరం గోడ, నాలుగు మిల్లీమీటర్లు,
ఖాళీ చేయించాలె.
చెయ్యి వణికిందంటె అబద్ధం.
వణకలే.
చాయ్ ఇస్తె తాగిన గూడ.

ఆ ఐతారం ఖాజాగూడ గుట్టలకు పోయిన.
పొద్దుగాల ఏటవాలు ఎండల
రాయి గరుకు మంచిగ లేస్తది.
ఉల్లిపొర లెక్క ఊడుతున్న గుండ్లు,
వాటి మీద బూడిదరంగు మచ్చలు మచ్చలుగ పాకిన నాచు,
మన బిర్యానీల పడే పత్థర్‌ఫూల్‌కు చుట్టమే కావొచ్చు.
మోకాళ్ళ మీద కూసొని తీసిన,
బోర్ల పండుకొని తీసిన,
అంగీ నిండ రాతి పొడి.

ఒక పెద్ద గుండుకు నిలువున పగులు.
అలవాటుగ బిళ్ళ తీసిన.
ఈ వెడల్పు ఎవరికి పంపాలె?
ఎవరిని ఖాళీ చేయించాలె?
పగుల్లకెల్లి తొండ ఒకటి తలకాయ పెట్టి
రెండు సార్లు ఊపింది,
నోటీసు తీసుకోనన్నట్టు.
చెయ్యి కదిలి బిళ్ళ జారింది.
టింగుమన్నది,
కొంచెం సేపైనంక ఇంకా కింద టింగుమన్నది,
తర్వాత వినబడలే.

గుండు చుట్టూ తిరిగి అవతలికి పోతె
ఎర్ర రంగుతోటి పద్నాలుగు అని రాసి ఉన్నది.
దాని కింద జాన జానకు ఒకటి
ఆరు డ్రిల్లు సందులు, వరుసగ,
అంచుల చుట్టూ తెల్లటి పిండి.
నాకంటె ముందే ఎవరో సర్వే చేసిన్రు.
ఎంత ముద్దుగ ఉన్నదో ఆ వరుస,
నీడలు ఆరు ఒక్క దిక్కే వాలినయి.
తీసిన.

ఆ ఫోటో ఏ ఫోల్డర్ల వెయ్యాల్నో
ఇంక సమజైతలేదు.
బిళ్ళ లేదు గనుక
ఆ సందులు వేలంత ఉన్నయో, బావులంత ఉన్నయో
చూసినోళ్ళకు తెల్వదు.

సోమవారం డ్యూటీకి పోయేటప్పుడు
కిరాణా షాపుల ఇరవై నోటిచ్చి
పది బిళ్ళలు అడిగిన.
"ఎవ్వరు తీసుకుంటలేరన్నా" అని
డబ్బా బోర్లించి
సంబురంగ రెండిచ్చిండు.