పేరు విరవకూడదు

అసున్సియోన్‌లో, నదికి రెండు వీధులివతల,
సీసం కరిగే వాసన కొట్టే నేలమాళిగలో
పదిహేడో ఏట ప్రూఫులు దిద్దే పనిలో చేరాను.
మొదటి రోజే ఫోర్‌మన్ డాన్ సింఫోరియానో
చెవి దగ్గరికొచ్చి చెప్పిన వ్యాకరణం ఒక్కటే:
"ఆయన పేరు పంక్తి చివర విరవకూడదు.
విరిస్తే మెడ విరిచినట్టు లెక్క."

చోటు చాలకపోతే పక్క మాటల్ని నొక్కేవాళ్ళం.
జనం, నీళ్ళు, పిండి ధర, ఆసుపత్రి,
ఎంత ఇరుకైనా సర్దుకునేవి.

పేరుకు ముందు ఏం రావాలో
సాయంత్రం ఆరింటికి చీటీ వచ్చేది.
వంతెన వరదకు పోయిన రోజు "అలుపెరుగని".
బ్రెడ్డు దొరకని నెలంతా "దూరదృష్టి గల".
బిరుదులన్నీ ముందే పోతపోసిన సీసపు కడ్డీలు,
అరలోంచి తీసి పెట్టడమే.
విద్యార్థులు ఎనిమిదిమంది కనిపించకుండా పోయిన వారం
"ఆప్యాయుడైన" అని వచ్చింది.
ఆ కడ్డీ మా దగ్గర లేదు.
రాత్రికి రాత్రి కొలిమి వెలిగించాం.

నాకో పాత నిఘంటువుండేది, అట్టలూడింది.
ఊరంతా కునుకు తీసే మధ్యాహ్నాలు
చల్లటి తెరెరే పీలుస్తూ చదివేదాన్ని.
కౌదిల్యో: నాయకుడు. మూలం లాటిను.
అసలర్థం, చిన్న తల.
చిన్న తల! నవ్వాపుకోలేక
నీళ్ళు ముక్కులోకి పోయాయి.
పేజీలు తిప్పాను.
డిక్టేటరు: చెప్పి రాయించేవాడు.
ఈసారి నవ్వు రాలేదు.
చెప్పేవాడొకడుంటే
రాసేవాళ్ళు ఉండాలిగా.
గోళ్ళ సందుల్లో సిరా చూసుకున్నాను.

అమ్మకు స్పానిష్ అంతంతమాత్రం.
ఎవరివో చొక్కాలు ఇస్త్రీ చేస్తూ,
కిటికీ మూశాకే,
గ్వరానీలో ఒక్క మాట అనేది: పిరాగ్వే.
పాదాలకు బొచ్చు మొలిచినవాళ్ళు.
అడుగు చప్పుడు చెయ్యనివాళ్ళు.
అన్ని బిరుదులు పోతపోశామా,
ఆయన మా వీధిదాకా ఎలా వచ్చాడో
అమ్మ చెప్పిన ఆ ఒక్క మాటకే తెలుసు.
అది ఏ చీటీలోనూ రాలేదు.

లపాచో చెట్లు గులాబీరంగు రాల్చే ఆగస్టులో
ఒక రాత్రి, ఏడో పేజీలో,
పశువుల సంత ధరల కింద
ఆయన పేరు రెండు ముక్కలై కనిపించింది.
చూశాను.
చూసి దిద్దలేదు.
ధైర్యమని చెప్పను. కళ్ళు మండుతున్నాయి,
ఆఖరి బస్సు పోతుందని భయం,
ఇంకేదో కూడా ఉంది. ఇప్పటికీ తేలలేదు.

మర్నాడు డాన్ సింఫోరియానో రాలేదు.
ఆ వారమూ రాలేదు.
పదకొండో రోజున వచ్చాడు,
ఎడమచేతి వేళ్ళకు గుడ్డ చుట్టుకుని.
నన్నేమీ అడగలేదు.
"సంత ధరలు కాస్త చూడు నీమియా" అన్నాడు,
కుడిచేత్తోనే అక్షరాలు ఏరుతూ.

తర్వాత ఒక రోజు ఆయన పోయాడు,
ఎలాగన్నది పత్రికలన్నీ రాశాయి.
నియంత, నిరంకుశుడు, రక్తపిపాసి.
కొత్త మాటలకు కొత్త సీసమెక్కడిది?
ఆప్యాయుణ్ణి కరిగించి
నిరంకుశుణ్ణి పోశాం.
తూకంలో తేడా రాలేదు.
డాన్ సింఫోరియానో అప్పటికి లేడు.

నిన్న ఆదివారం భోజనాల దగ్గర
మా చెల్లెలి మనవడు దెర్లిస్,
ఇరవై రెండేళ్ళవాడు, మంచివాడే,
మాండియోకా దుంప విరుస్తూ అన్నాడు:
"ఈ దేశానికి ఒక గట్టి చెయ్యి కావాలమ్మమ్మా."
గుడ్డ చుట్టిన చెయ్యి ఒకటి చెబుదామనుకున్నాను.
పులుసు చల్లారుతోంది. పిల్లలున్నారు.
చెప్పలేదు.

వాళ్ళు వెళ్ళాక పత్రిక విప్పాను.
ఇప్పుడంతా యంత్రమే విరుస్తుంది,
ఎవరి పేరైనా, ఎక్కడైనా.
కొత్తగా వస్తున్నాయన పేరు
పంక్తి చివర నిలువునా విరిగి ఉంది.
ఎవరికీ పట్టలేదు.
మంచిదే కదా అనుకున్నాను, నిజంగానే అనుకున్నాను.

అనుకుంటుండగానే నా చెయ్యి
దానంతటదే
పెన్సిలు కోసం తడుముకుంది.