బోల్ట్ నంబరు

రెండో గుండు దాకా బాగానే ఉండేది.
మూడోది పేలాక డొల్ల గొట్టంలో ఇరుక్కుపోయి
బోల్ట్‌ని బూటుకాలితో తన్నితే గాని ఊడి వచ్చేది కాదు.
తోడేలు అంతసేపు ఆగదు కదా.
ఆ చలికాలం పదకొండు గొర్రెలు.
పన్నెండోది, చెవి మీద నల్లమచ్చది,
మా ఖందా సీసాతో పాలు పట్టి పెంచుకున్నది.

మురున్ బజారులో మొదటివాడు దొరికాడు.
అద్దాల కొట్టు, గోడకి దుప్పి కొమ్ములు.
తుపాకీ చేతిలోకి తీసుకోకముందే ధర చెప్పాడు.
వారానికి తిరిగిచ్చాడు,
నల్లగా, నిగనిగలాడుతూ, పెళ్లికొడుకులా.
మా తాత బొటనవేలు అరగదీసిన పల్లం కూడా
వార్నిష్ కింద మాయమైంది.
పై పటారమే.
ఇల్లు చేరకముందే, కనుమ దగ్గర,
మూడో గుండుకి మళ్లీ అదే బూటు, అదే తన్ను.

రెండోవాడు మోటారుసైకిళ్లు బాగుచేసేవాడు.
మంచివాడే. ఉప్పు టీ పోశాడు.
కానీ ముందు సుత్తి వెతుక్కున్నాడు,
ఆ తర్వాత కళ్లద్దాలు.
ఆ వరస చూసి, గిన్నె కింద పెట్టి లేచాను.

చొయినోర్ పేరు చెప్పింది ఉన్ని లారీ నడిపే ఆవిడ.
"బ్రహ్మచెవుడు. అరిచావంటే కోపం.
తుపాకీ చేతికిచ్చి నోరు మూసుకో."

మూతపడ్డ ఉన్ని ఫ్యాక్టరీ వెనక, పాత బాయిలరు గది.
బోర్డు లేదు. గుమ్మంలో కుక్క లేచి దారిచ్చింది.
ముసలాయన ముందు గొట్టంలోకి చూశాడు,
చూసింది చాలక చిటికెన వేలు పెట్టి తడిమాడు,
తూటా లేదని తేల్చుకుని
బోల్ట్ మూసి, దాని తోకని పళ్ల మధ్య పెట్టుకుని
కళ్లు మూశాడు.
నలభై ఏళ్లు ఊరివాళ్ల తుపాకులు పేల్చి చూసి
చెవులు పోగొట్టుకున్న మనిషి
దవడతో వింటున్నాడు.

కిరసనాయిలు గుడ్డతో వార్నిష్ తుడిచాడు.
పలక మీద సుద్దతో రెండు అంకెలు రాసి నాకు తిప్పాడు.
ఒకటి గొట్టం మీదది, ఒకటి బోల్ట్ మీదది.
రెండింటికీ పోలికే లేదు.

మా తాతకి చేరకముందే, ఏ యుద్ధంలోనో,
ఇద్దరు కుర్రాళ్లు పక్కపక్కన కూచుని
వేళ్లు కొంకర్లు పోయే చలిలో తుపాకులు తుడుచుకుని
చీకట్లో ఒకరి బోల్ట్ ఒకరు బిగించుకుని ఉంటారు.
అంతే.
దానికి తాత తూటాలని తిట్టాడు,
నాన్న చలిని తిట్టాడు,
నేను తాతని తిట్టాను.

గొర్రెకొవ్వు పట్టించిన గుడ్డల్లో సొరుగు నిండా బోల్ట్‌లు.
ఒక్కొక్కటీ విప్పి, దూర్చి,
అరిగిన నాణేల్లాంటి ఉక్కు బిళ్లలు లోపల వేసి,
మూసి, తల అడ్డంగా ఊపి, తీసి.
పొయ్యిలో పిడకలు రెండుసార్లు ఎగదోశాను.
ఏడోది వెన్నలో కత్తిలా దిగింది.
అప్పటికీ ఆకురాయి తీసుకుని
నా కంటికి కనబడనంత అరగదీశాడు.

మా పాత బోల్ట్‌ని పారేయలేదు.
నంబరు చీటీ కట్టి సొరుగులో పడుకోబెట్టాడు.
ఎందుకని సైగ చేశాను.
గుమ్మం వైపు చెయ్యి చూపించాడు.
ఏదో ఒకరోజు దాని తుపాకీ రావచ్చుగా.

కూలి పలక మీద రాశాడు:
ఆకురాలే కాలానికి ఒక గొర్రె.
దాని కింద: మూడు డొల్లలు. తెచ్చి చూపించు.

నెలకి తీసుకెళ్లాను.
ఎండు పెరుగు సంచి మాత్రం ఇంట్లో మరిచిపోయాను,
ఖందా ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.
తోడేలంటారా, ఆ ఏడు మళ్లీ రాలేదు.
తుపాకీ గొంతు మారిందని దానికి తెలుసంటుంది ఖందా.
నాకైతే తెలియదు.

ముసలాయన మూడు డొల్లల నడుముల మీదా గోరు జరిపాడు.
మూడోదాన్ని వెలుతురుకి పెట్టి చాలాసేపు చూశాడు.
తర్వాత దాన్ని పెదవికి ఆనించి
పిల్లాడిలా ఈల ఊదాడు.
బయట కుక్క మొరిగింది.
ఆయనకి అదీ వినబడలేదు, ఇదీ వినబడలేదు.
మోగిందా అన్నట్టు నా మొహంలోకి చూశాడు.